రొయ్యల చెరువుకు వెళ్లాల్సిన హెచ్చరిక ఎక్కడ ఆగింది: ఒక క్లౌడ్ మానిటరింగ్ కేస్ స్టడీ

ఈ కేసులో సంస్థ పేరు, ఊళ్ల పేర్లు, రైతుల వివరాలు తీసేశాం. సంఖ్యలు గుండ్రం చేశాం, నిష్పత్తులు మాత్రం చెడకుండా చూశాం. చెప్పబోయే లెక్కలన్నీ వాటి మీదే నిలబడతాయి. క్లౌడ్‌లో నడిచే అప్లికేషన్‌కు మానిటరింగ్ లేక ఇబ్బంది పడ్డ కేసులు చాలా ఉంటాయి. ఇక్కడ మానిటరింగ్ కావలసినంత ఉంది. ఉండి కూడా రైతుకు అక్కరకు రాలేదు. ఎందుకు రాలేదన్నదే ఇందులో నేర్చుకోదగిన సంగతి.

నేపథ్యం

గోదావరి పశ్చిమ డెల్టాలో, భీమవరం చుట్టుపక్కల మండలాల నుంచి సముద్రపు ఒడ్డు దాకా విస్తరించిన వనామీ రొయ్యల చెరువుల్లో నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే సేవ ఇది. రైతులు దాన్ని డీఓ అంటారు. పగలు ప్లాంక్టన్ ఎండకు ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి ఆ తయారీ ఆగిపోతుంది, శ్వాస మాత్రం ఆగదు. రొయ్యలు, ప్లాంక్టన్, అడుగు బురదలోని బ్యాక్టీరియా అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి. అందుకే తెల్లవారుజామున మూడు నుంచి ఆరు మధ్య డీఓ అట్టడుగుకు చేరుతుంది. మబ్బు పట్టిన రోజు తర్వాతి రాత్రి ఇంకా కిందికి దిగుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు పైన ఉంటే రైతు నిశ్చింతగా ఉంటాడు. 3 కన్నా తగ్గితే రొయ్య ఒత్తిడికి లోనవుతుంది, ఇంకా దిగితే పైకి తేలుతుంది. తేలాక చేయగలిగింది తక్కువ. రాత్రంతా ఏరియేటర్లు తిరగాల్సిందే. కరెంటు పోతే గట్టు మీద షెడ్డులో పడుకున్న కాపలా మనిషి లేచి జనరేటర్ వేయాలి. ఆ మనిషిని సమయానికి లేపడమే ఈ సేవ పని.

సుమారు 1,200 పరికరాలు నిమిషానికి ఒక్కో రీడింగ్ పంపుతాయి, అంటే సెకనుకు 20 మెసేజ్‌లు. పరికరం నుంచి మొబైల్ నెట్‌వర్క్ మీదుగా ఎమ్‌క్యూటీటీ బ్రోకర్‌కు (పరికరాల మెసేజ్‌లు అందుకునే సర్వర్), అక్కడి నుంచి ఒక క్యూలోకి (మెసేజ్‌లు తమ వంతు కోసం ఆగే వరుస), క్యూ నుంచి నాలుగు వర్కర్లకు (వాటిని తీసుకుని పనిచేసే ప్రోగ్రాములు). వర్కర్ ముందు రీడింగ్‌ను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో రాస్తుంది, తర్వాత నియమాలతో పోల్చి చూస్తుంది, డీఓ తక్కువుంటే కాల్ సేవకు చెబుతుంది, ఫోన్ మోగుతుంది. అంతా క్లౌడ్ ముంబై రీజియన్‌లో కంటైనర్లలో (ఒక్కో ప్రోగ్రామ్‌ను విడిగా నడిపే పెట్టెలు) నడుస్తుంది. ప్రొమీథియస్ అనే మానిటరింగ్ సాధనం 15 సెకన్లకోసారి మెట్రిక్‌లు (సర్వర్ల కొలతలు) సేకరిస్తుంది, గ్రఫానాలో చక్కటి డాష్‌బోర్డులు ఉన్నాయి, లాగ్‌లన్నీ ఒకచోట చేరతాయి.

పరికరానికి సొంత బ్యాటరీ ఉంది. నెట్‌వర్క్ లేనప్పుడు రీడింగ్‌లను తనలో దాచుకుని, తిరిగి కలిసినప్పుడు పాతవాటి నుంచి వరుసగా పంపుతుంది. తయారుచేసినవాళ్లు డేటా పోకూడదని ఆలోచించి పెట్టిన సదుపాయమిది, తప్పుపట్టడానికి లేదు. కథంతా నడిచింది మాత్రం దీని చుట్టూనే.

వచ్చిన ఫిర్యాదు

ఫిర్యాదులు రెండు రకాలుగా వచ్చాయి. మొదటిది: "మీ ఫోనొచ్చేసరికి మేం జనరేటరేసి గంటయిందండి." రెండోది: అసలు ఫోనే రాలేదని. రెండూ ఒకే రాత్రుల్లో, ఒకే ప్రాంతంలోని చెరువుల నుంచి వచ్చాయి. ఆ రాత్రుల డాష్‌బోర్డు తీసి చూస్తే వర్కర్ల సీపీయూ 30 శాతం లోపే ఉంది. మెమరీ మామూలుగా ఉంది, ఎర్రర్లు సున్నా. ప్రాసెసింగ్ సమయం 95వ పర్సెంటైల్ ఒక సెకను, అంటే వందలో 95 మెసేజ్‌లు ఆ లోపే అయిపోయాయని గ్రాఫ్ చెబుతోంది. వెబ్‌సైట్ అప్‌టైమ్ తనిఖీ ఒక్కసారి కూడా తప్పలేదు. ఫోన్ కంపెనీ వైపే ఆలస్యమైందని సంస్థలో అందరూ అనుకున్నారు. ఆ అనుమానంతోనే మూడు వారాలు గడిచాయి.

ముందు చేసి చూసినవి

వర్కర్లను నాలుగు నుంచి ఎనిమిదికి పెంచారు. ఆటోస్కేలింగ్ (భారాన్ని బట్టి వర్కర్లు వాటంతటవే పెరగడం) సీపీయూ 70 శాతం దాటితే పనిచేసేలా ఉంది, అది ఎప్పుడూ దాటలేదు కాబట్టి చేత్తోనే పెంచారు. ఆలస్యం తగ్గలేదు. డేటాబేస్‌కు కనెక్షన్లు రెట్టింపై ఒకదాని కోసం ఒకటి వేచి ఉండే సమయం పెరిగింది. సీపీయూ తక్కువుందంటే పని తక్కువుందని కాదు, ఆ ప్రాసెస్ ఇంకెవరి కోసమో ఎదురుచూస్తూ ఉండొచ్చు. క్యూ మీద నడిచే పనికి సీపీయూ ఆధారంగా స్కేలింగ్ పెట్టడం చాలాచోట్ల కనిపిస్తుంది. అక్కడ చూడాల్సింది క్యూలో అన్నిటికన్నా పాత మెసేజ్ వయసు.

తర్వాత అలర్టులు పెంచారు. ప్రతి కంటైనర్‌కు, ప్రతి డిస్కుకు, ప్రతి ఎండ్‌పాయింట్‌కు పెట్టుకుంటూ పోతే నియమాలు 70 దాటాయి. రోజూ మోగేవాటిని ఎవరూ చూడరు. నెల తిరక్కుండానే ఆన్‌కాల్‌లో (అలర్టు మోగితే స్పందించాల్సిన వంతు) ఉన్నవాళ్లు ఆ ఛానెల్‌ను మ్యూట్ చేశారు, వాళ్లను తప్పుపట్టలేం. డీబగ్ లాగ్‌లు (ప్రోగ్రామ్ చేసే ప్రతి పనినీ రాసే చిట్టా) ఆన్ చేస్తే బిల్లు పెరగడం తప్ప జవాబు దొరకలేదు. లాగ్‌లో ఉన్న సమయం వర్కర్ ఆ మెసేజ్‌ను చేతిలోకి తీసుకున్న సమయం. అది చెరువు దగ్గర ఎప్పుడు బయల్దేరిందో అందులో లేదు.

పచ్చరంగు ఎందుకు అబద్ధం చెప్పింది

ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఇవే లోపాలు చాలా డాష్‌బోర్డుల్లో ఉంటాయి.

మొదటిది, ప్రాసెసింగ్ సమయాన్ని వర్కర్ మెసేజ్‌ను తీసుకున్నప్పటి నుంచి ముగించేదాకా కొలుస్తున్నారు. క్యూలో పడి ఉన్న సమయం ఎక్కడా లెక్కకు రాదు. కాలువ లాకు వెనుక పడవలు ఎన్ని ఆగాయో చూడకుండా, లాకు దాటడానికి ఒక్కో పడవకు ఎంతసేపు పట్టిందో చూసినట్టు.

రెండోది ఇంకా సూక్ష్మమైనది. ఆ సమయాన్ని ప్రొమీథియస్ హిస్టోగ్రామ్‌గా దాస్తున్నారు, అంటే ఒక్కో సమయాన్ని విడిగా కాక, ఏ హద్దు లోపు ఎన్ని మెసేజ్‌లు అయ్యాయో బకెట్లలో లెక్కపెడతారు. అందులో పెట్టుకున్న బకెట్లలో పెద్దది ఒక సెకను. దాన్ని దాటినవన్నీ అనంతం బకెట్‌లో పడతాయి. పర్సెంటైల్ ఆ బకెట్‌లో పడితే ప్రొమీథియస్ చివరి పరిమిత బకెట్ పైహద్దునే జవాబుగా ఇస్తుంది. అంటే అసలు సమయం 4 సెకన్లైనా, 40 సెకన్లైనా గ్రాఫ్‌లో కనిపించేది ఒక సెకనే. దీని మీద పెట్టిన అలర్టు "2 సెకన్లు దాటితే" అని ఉంది. ఆ అలర్టు మోగే వీలే లేదు. హిస్టోగ్రామ్ గ్రాఫ్‌లో గీత ఎప్పుడైనా గీసినట్టు తిన్నగా సాగితే, ముందు అది బకెట్ హద్దు దగ్గర ఉందేమో చూడాలి.

మూడోది మౌనం. ఒక్కో విద్యుత్ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఒక ప్రాంతానికి కరెంటు తెచ్చే లైను) పరిధిలోని చెరువుల నుంచి వచ్చే మెసేజ్‌లకు ఒక కౌంటర్ ఉంది. దాని వేగం సున్నా అయితే అలర్టు మోగాలి. కానీ వర్కర్ రీస్టార్ట్ అయ్యాక ఆ ఫీడర్ నుంచి మొదటి మెసేజ్ వచ్చేదాకా ఆ ఫీడర్ పేరున్న లేబుల్‌తో కౌంటరే పుట్టదు. లేనిదాన్ని సున్నాతో పోలిస్తే ప్రొమీథియస్ ఇచ్చేది ఖాళీ జవాబు, ఖాళీ జవాబుకు అలర్టు మోగదు. చెరువు నియమాల్లోనూ ఇదే చిక్కు. మెసేజ్ వచ్చినప్పుడే నియమాన్ని పరీక్షిస్తారు. మెసేజ్ రాకపోతే పరీక్షే లేదు. ఫోనే రాలేదన్న రెండో రకం ఫిర్యాదుకు మూలం ఇక్కడుంది.

వయసును కొలవడం

ఏ సర్వర్‌నూ తాకకముందు ఒక నిర్ణయం జరిగింది. ఈ సేవ బాగుందో లేదో చెప్పే కొలత ఒక్కటే ఉండాలి: ఫోన్ మోగే క్షణానికి, ఆ ఫోన్‌కు కారణమైన రీడింగ్ వయసు ఎంత. రైతుకు పట్టేది అదొక్కటే. కాబట్టి మెసేజ్‌లో నాలుగు సమయాలు నమోదయ్యేలా మార్చారు. చెరువు దగ్గర కొలిచినది, బ్రోకర్‌కు అందినది, నియమం పరీక్షించినది, కాల్ సేవకు అప్పగించినది.

కొలవడం మొదలుపెట్టగానే గడియారాల గొడవ బయటపడింది. ఒక విడత పరికరాల రీడింగ్ వయసు మైనస్ 19,800 సెకన్లు చూపించింది. 19,800 సెకన్లంటే సరిగ్గా ఐదున్నర గంటలు. వాటి ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి ప్రోగ్రామ్) భారత కాలమానాన్ని ప్రపంచ కాలమానంగా పంపుతోంది. ఇంకొన్ని పరికరాలు బ్యాటరీ మార్చాక 1970 నుంచి (కంప్యూటర్ గడియారాల లెక్క మొదలయ్యే ఏడాది) మొదలయ్యాయి. ఇలాంటి రీడింగ్‌లను వడపోసి పారేయాలనిపిస్తుంది. పారేయకూడదు. వాటికి "గడియారం అనుమానం" అని గుర్తు పెట్టి, బ్రోకర్‌కు అందిన సమయాన్ని వాడి, ఎన్ని వస్తున్నాయో వేరే కౌంటర్‌లో లెక్కపెట్టారు. గడియారం తప్పిన పరికరం ఉన్న చెరువుకూ ఆక్సిజన్ కావాలి కదా.

తర్వాత ఓపెన్‌టెలిమెట్రీ అనే సాధనంతో ట్రేస్‌లు, అంటే ఒక్కో మెసేజ్ ఏ దశలో ఎంతసేపు ఉందో చూపే జాడలు. పరికరాలు ఎమ్‌క్యూటీటీ 3.1.1 వాడతాయి. అందులో మెసేజ్‌కు అదనపు లక్షణాలు తగిలించే వీల్లేదు, అది 5వ వెర్షన్‌లో వచ్చింది. కాబట్టి ట్రేస్‌ను బ్రోకర్ దాటాక మొదలుపెట్టి, ట్రేస్ గుర్తింపును క్యూ మెసేజ్ లక్షణంగా పంపారు. అన్ని ట్రేస్‌లనూ దాచడం ఖర్చు. ఆలస్యమైనవి, అలర్టుకు దారితీసినవి మొత్తం దాచి, మిగతావాటిలో ఒక శాతం చాలనుకున్నారు. దీనికి టెయిల్ శాంప్లింగ్ కావాలి: ట్రేస్ ముక్కలన్నీ వచ్చాక ఉంచాలో వద్దో కలెక్టర్ (ట్రేస్‌లను సేకరించే ప్రోగ్రామ్) తేలుస్తుంది.

ఇది పనిచేయలేదు. కలెక్టర్ డిఫాల్ట్‌గా 30 సెకన్లు ఆగి నిర్ణయిస్తుంది. క్యూలో ఇరవై నిమిషాలు ఆగిన మెసేజ్ రెండో ముక్క వచ్చేసరికి ఆ ట్రేస్ గురించిన నిర్ణయం ఎప్పుడో అయిపోయింది. దాంతో ఏవి ఆలస్యమయ్యాయో సరిగ్గా అవే పోయాయి. ఆగే సమయాన్ని ఇరవై నిమిషాలకు పెంచితే అన్ని ముక్కలనూ మెమరీలో మోయాలి, తుపాను రాత్రి కలెక్టరే కూలుతుంది. పనికొచ్చింది వేరే మార్గం. క్యూ దగ్గర ట్రేస్‌ను తెంపారు. వర్కర్ కొత్త ట్రేస్ మొదలుపెట్టి, పాతదానికి లింకు పెట్టి, రీడింగ్ వయసును మొదటి స్పాన్ (ట్రేస్‌లో ఒక ముక్క) మీదే లక్షణంగా రాస్తుంది. వయసు మొదట్లోనే తెలుస్తుంది కాబట్టి ఉంచాలా వద్దా అన్నది అక్కడికక్కడే తేలుతుంది. పొడవాటి క్యూలున్న ఏ వ్యవస్థకైనా ఒకే ట్రేస్ కన్నా లింకులే మేలు.

అసలు కారణం

ఈ ఏర్పాటు పెట్టాక మొదటి పెద్ద కరెంటు కోత రాత్రే చిత్రం బయటపడింది.

కరెంటు పోయిన కొంతసేపటికి సెల్ టవర్ బ్యాటరీలూ అయిపోయాయి. 900 పరికరాలు నాలుగు గంటలపాటు రీడింగ్‌లు దాచుకున్నాయి. 900 పరికరాలు, 240 నిమిషాలు, మొత్తం 2,16,000 మెసేజ్‌లు. తెల్లవారుజామున టవర్ లేవగానే ఒక్కో పరికరం సెకనుకు 5 చొప్పున పంపింది. ఒక నిమిషం తిరక్కుండానే అన్నీ క్యూలో ఉన్నాయి. ఈ క్షణంలో కొలిచిన తాజా రీడింగ్ వాటన్నిటి వెనుక నిలబడింది.

వర్కర్లు ఎందుకు వేగంగా తోడలేదు? డేటాబేస్ డిస్కు 100 గిగాబైట్ల జీపీ2 అనే క్లౌడ్ డిస్కు రకం. ఈ రకానికి గిగాబైటుకు 3 చొప్పున స్థిరమైన ఐఓపీఎస్ (సెకనుకు చేయగల డిస్కు పనులు) ఉంటుంది, అంటే ఇక్కడ 300. అవసరమైతే 3,000 దాకా వెళ్తుంది, కానీ క్రెడిట్లు (తక్కువ వాడినప్పుడు పోగయ్యే మిగులు) ఉన్నంతసేపే. నిండు తొట్టిలో 54 లక్షల క్రెడిట్లు ఉంటాయి. పూర్తి వేగంతో వాడితే సెకనుకు 2,700 తగ్గుతాయి, 33 నిమిషాలు వస్తాయి. ఇదంతా డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా ఉన్నదే, డిస్కు చెప్పినట్టే నడుచుకుంది.

ఒక్కో రీడింగ్‌కు ఒక్కో ట్రాన్సాక్షన్ (డేటాబేస్‌లో ఒక్క విడతగా పూర్తయ్యే రాత). లాగ్, టేబుల్, మూడు ఇండెక్సులు కలిపి దానికి సుమారు 8 డిస్కు పనులు. మామూలు రోజు 20 మెసేజ్‌లకు 160 పనులు, 300 లోపే. మిగిలిన 140 చొప్పున తొట్టి నింపుకోవడానికి దాదాపు పదకొండు గంటలు పడుతుంది. సాయంత్రానికి తొట్టి నిండుగానే ఉంటుంది. అయితే రాత్రి ఒకటిన్నరకు రోజువారీ నివేదిక, బ్యాకప్ నడుస్తాయి. "ఆ టైములో ఎవరూ వాడరు కదా" అని ఆ వేళ పెట్టారు. 25 నిమిషాల్లో 40 లక్షల క్రెడిట్లు అవే తినేస్తాయి. మెసేజ్‌ల వరద వచ్చేసరికి మిగిలినవి 13 లక్షలు చిల్లర, ఎనిమిది నిమిషాలకు సరిపడా. ఆ ఎనిమిది నిమిషాలూ సెకనుకు 375 మెసేజ్‌లు నడిచాయి. క్రెడిట్లు సున్నా కాగానే 37కు పడిపోయాయి. ఆ వేళ క్యూలో చేరిన తాజా రీడింగ్‌కు ఇరవై నిమిషాల దాకా పట్టింది.

డిస్కు కోసం ఎదురుచూసే వర్కర్‌కు సీపీయూతో పనిలేదు, అందుకే 30 శాతం. ఒక్కో ఇన్సర్టు (రీడింగ్‌ను డేటాబేస్‌లో చేర్చడం) నాలుగు సెకన్లు పట్టినా గ్రాఫ్ ఒక సెకను దగ్గరే ఆగింది. మిగిలిన క్రెడిట్లను చూపే బర్స్ట్ బ్యాలెన్స్ అనే మెట్రిక్ క్లౌడ్ కన్సోల్‌లో మొదటి నుంచీ ఉంది. 70 అలర్టుల్లో దాని మీద ఒక్కటీ లేదు.

మొదటి రకం ఫిర్యాదుకూ జవాబు ఇక్కడే దొరికింది. రెండు గంటల క్రితం డీఓ 3.2 ఉన్న రీడింగ్‌కు కూడా వర్కర్ ఫోన్ చేయిస్తుంది. కాపలా మనిషి ఎప్పుడో జనరేటర్ వేసేసి ఉంటాడు. కాల్ సేవకు సెకనుకు ఇన్నే కాల్స్ అన్న పరిమితి ఉంది. పనికిరాని ఆ పాత కాల్స్ పరిమితిని నింపేస్తే, పనికొచ్చే కాల్ మళ్లీ అక్కడా వరుసలో నిలబడింది.

ఒక సంగతి గమనించాలి. ఈ వ్యవస్థకు భారం పెరిగే క్షణం, చెరువుకు ప్రమాదం ముంచుకొచ్చే క్షణం వేర్వేరు కావు. కరెంటు కోతే రెండిటికీ మూలం. నెలకు 99.9 శాతం బాగుందన్న అంకె ఇలాంటి చోట పనికిరాదు. మిగిలిన 0.1 శాతం, 43 నిమిషాలు, ఎప్పుడు పడతాయన్నదే అసలు ప్రశ్న.

ఏది ముందు, ఎందుకు

డిస్కును జీపీ3కి మార్చడం ఒక పూట పని. దానికి క్రెడిట్ల లెక్క లేకుండా 3,000 ఐఓపీఎస్ ఉంటుంది. అయినా దాన్ని మొదట చేయలేదు. అది చేస్తే లక్షణం మాయమవుతుంది, పాత రీడింగ్‌ల వెనుక తాజా రీడింగ్ నిలబడే నిర్మాణం అలాగే ఉంటుంది. పరికరాలు రెట్టింపైన రోజు మళ్లీ అదే కథ.

అదే రోజు చేసింది నివేదికను, బ్యాకప్‌ను ఉదయం పదకొండుకు మార్చడం. ఖర్చు లేదు. అప్పటికి ఎండ ఎక్కి డీఓ పెరుగుతూ ఉంటుంది, ప్రమాదం అన్నిటికన్నా తక్కువ. ఆఫీసు ఖాళీగా ఉండే వేళకు, చెరువు క్షేమంగా ఉండే వేళకు సంబంధం లేదు. డిప్లాయ్‌మెంట్లు, డేటాబేస్ మైగ్రేషన్లు, సర్వర్ రీస్టార్టులు కూడా ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు మధ్యకే తెచ్చారు.

తర్వాత నిర్మాణం. వర్కర్‌లో వరుస తిరగేశారు: ముందు నియమం పరీక్ష, తర్వాత డేటాబేస్. క్యూను రెండుగా విడగొట్టారు. ఐదు నిమిషాల లోపు వయసున్నవి లైవ్ క్యూలోకి, మిగతావి పాతవాటి క్యూలోకి. పాత క్యూ నుంచి ఫోన్లు వెళ్లవు, చరిత్ర మాత్రం నమోదవుతుంది. గడియారం అనుమానం ఉన్నవి లైవ్‌లోకే వెళ్తాయి. తప్పు జరిగితే ఒక ఫోన్ ఎక్కువ వెళ్లాలి తప్ప తక్కువ కాకూడదన్నది ఇక్కడి లెక్క. ఇన్సర్టులను 200 చొప్పున ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయడంతో రీడింగ్‌కు 8 ఉన్న డిస్కు పనులు ఒకటి లోపుకు దిగాయి. ఆ తర్వాతే డిస్కు మార్చారు.

ఫర్మ్‌వేర్ ఆఖరికి వచ్చింది, ఎందుకంటే 1,200 చోట్లకు దాన్ని జాగ్రత్తగా పంపాలి. అందులో మూడు మార్పులు: తిరిగి కలిసేముందు 0 నుంచి 120 సెకన్ల మధ్య యాదృచ్ఛికంగా ఆగడం, కొత్త రీడింగ్ ముందు పంపడం, పాతవి ఐదు సెకన్లకొకటి చొప్పున నెమ్మదిగా పంపడం.

మౌనాన్ని వినిపించడం

ఇది ఎక్కువ తర్జనభర్జన జరిగిన భాగం.

మొదట, పరికరం పది నిమిషాలు మౌనంగా ఉంటే రైతుకు ఫోన్ చేయాలని పెట్టారు. విఫలమైంది. సిమ్ సిగ్నల్ తగ్గినా, యాంటెన్నా వదులైనా ఫోనే. రెండు వారాల్లో రైతులు ఆ నంబరు ఎత్తడం మానేశారు. ఆ నంబరుతోనే అసలు హెచ్చరిక కూడా వెళ్తుంది కాబట్టి ఇది చిన్న నష్టం కాదు.

ఫిర్యాదుల తీరు చూస్తే వైఫల్యాలు ఫీడర్ల వెంట, టవర్ల వెంట నడుస్తాయని తేలింది. కాబట్టి కొలత కూడా అలాగే ఉండాలి. పరికరాల రిజిస్ట్రీ నుంచి "ఈ ఫీడర్ కింద ఉండాల్సిన పరికరాలు ఎన్ని" అన్నది ఒక మెట్రిక్‌గా, "గత ఐదు నిమిషాల్లో పరీక్షించిన తాజా రీడింగ్ ఉన్నవి ఎన్ని" అన్నది ఇంకో మెట్రిక్‌గా పంపారు. రెండోదాన్ని మెసేజ్ వచ్చినప్పుడు కాదు, గడియారం ప్రకారం నిమిషానికోసారి లెక్కిస్తారు. ఎవరూ లేకపోతే సున్నా అని చెబుతుంది తప్ప మాయమవదు. నిష్పత్తి 70 శాతం కన్నా తగ్గి మూడు నిమిషాలు నిలిస్తే, ఆ ఫీడర్ రైతులందరికీ ఒక సందేశం: మీ చెరువుల సమాచారం మాకు అందడం లేదు, మీరే చూసుకోండి. ఒక్క పరికరమే మౌనంగా ఉంటే అది ఉదయం టెక్నీషియన్ జాబితాలోకి వెళ్తుంది.

ఈ సందేశం మొదటిసారి ఎవరికీ చేరలేదు. టెలికాం నియంత్రణ సంస్థ 2018 నిబంధనల కింద ఎస్ఎమ్ఎస్ పాఠాన్ని ముందుగా టెంప్లేటుగా నమోదు చేయించాలి. నమోదైన పాఠంతో సరిపోలకపోతే దారిలోనే ఆగిపోతుంది. కొత్త పాఠం నమోదు కాలేదు. పంపే సేవ మాత్రం "స్వీకరించాం" అనే జవాబిచ్చింది. అందుకే స్వీకరించిన లెక్క కాకుండా, చేరినట్టు తిరిగొచ్చే రసీదుల లెక్క వాడాలి. ఫోన్ కాల్స్‌లో ఇంకా కచ్చితంగా, విన్నవారు 1 నొక్కితేనే అందినట్టు. రెండు నిమిషాల్లో నొక్కకపోతే రెండో నంబరుకు వెళ్తుంది. ఆ రెండో నంబరు వేరే నెట్‌వర్క్‌ది అయ్యుండాలని నమోదు సమయంలోనే అడుగుతారు.

అయినా రెండు నెట్‌వర్కులూ లేని రాత్రి ఉంటుంది. అక్టోబరు, నవంబరు తుపానుల్లో అది ఊహ కాదు. అలాంటి రాత్రికి క్లౌడ్‌లో జవాబు లేదు. పరికరానికే సైరన్ తగిలించారు. డీఓ 3.5 కన్నా తగ్గితే ఎవరితోనూ సంబంధం లేకుండా గట్టు మీద అదే మోగుతుంది. ప్రాణాల మీదికి వచ్చే హెచ్చరికను క్లౌడ్ మీద ఒక్కదాని మీదే వదిలేయకూడదని గట్టిగా చెప్పాలి.

మానిటరింగ్‌కే మానిటరింగ్ కూడా అవసరమైంది. లేని చెరువు ఒకటి సృష్టించారు. వేరే క్లౌడ్ ఖాతాలో నడిచే చిన్న ప్రోగ్రామ్ ఐదు నిమిషాలకోసారి డీఓ 2.0 అని పంపుతుంది, కాల్ సేవ దాకా చేరిందో లేదో చూస్తుంది. గంటకోసారి పరీక్ష నంబరు నిజంగా మోగాలి. దీనితోపాటు ప్రొమీథియస్‌లో ఎప్పుడూ మోగుతూనే ఉండే ఒక అలర్టు బయటి సేవకు చేరుతూ ఉంటుంది. పది నిమిషాలు చేరకపోతే ఆ బయటి సేవే ఆన్‌కాల్‌లో ఉన్నవారికి ఫోన్ చేస్తుంది.

మిగిలిన వివరాలు క్లుప్తంగా

వయసు హిస్టోగ్రామ్‌కు బకెట్లు 5, 10, 30, 60, 120, 300, 900, 1800, 3600 సెకన్లు. లక్ష్యం: తక్కువ డీఓ రీడింగ్‌లలో 99 శాతానికి 120 సెకన్ల లోపు ఫోన్. 120 అన్న హద్దు బకెట్‌గా ఉంది కాబట్టి పర్సెంటైల్ అంచనా అక్కర్లేదు, నేరుగా లెక్కపెట్టొచ్చు. లక్ష్యం ఏ అంకె అయితే ఆ అంకెకు బకెట్ ఉండి తీరాలి.

పరికరం నంబరును మెట్రిక్ లేబుల్‌గా పెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. 1,200 పరికరాలు, అనంతంతో కలిపి 10 బకెట్లు, నాలుగు దశలు, మొత్తం 48,000 సిరీస్‌లు (ప్రొమీథియస్ విడివిడిగా మోయాల్సిన కొలతల వరుసలు). ఫర్మ్‌వేర్ వెర్షన్ లేబుల్ కూడా చేరితే అప్‌డేట్ జరిగినప్పుడల్లా అన్నీ కొత్తగా పుడతాయి. లేబుల్ ఫీడర్ దగ్గరే ఆపారు. ఒక్కో చెరువు వివరం కావాలంటే డేటాబేస్ ఉంది, ట్రేస్ ఉంది.

అలర్టులను గుంపులుగా కట్టి పంపే అలర్ట్‌మేనేజర్‌లో ఆ గుంపులను కంటైనర్ పేరుతో కాకుండా ఫీడర్ పేరుతో కట్టారు. 70 నియమాల్లో తొమ్మిది మిగిలాయి. ఉంచడానికి పెట్టుకున్న ప్రశ్న ఒకటే: ఇది మోగితే అర్ధరాత్రి లేచినవారు చేయాల్సిన పని ఏమైనా ఉందా? లేనివి డాష్‌బోర్డులో గ్రాఫ్‌గా ఉంటాయి. క్యూలో అతి పాత మెసేజ్ వయసు, బర్స్ట్ బ్యాలెన్స్ లాంటి క్రెడిట్ మెట్రిక్‌లు తొమ్మిదిలో ఉన్నాయి. జీపీ3 వచ్చాక డిస్కు క్రెడిట్లు పోయినా, అలాంటి క్రెడిట్ల మీద నడిచే చిన్న రకం సర్వర్లు ఇంకా ఉన్నాయి.

సరిచూసింది ఒక ఉదయం పదకొండుకు. 900 నకిలీ పరికరాలతో నాలుగు గంటల పాత రీడింగ్‌లను ఒక్కసారిగా వదిలారు. లైవ్ రీడింగ్ వయసు 40 సెకన్లు దాటలేదు. ఆ తర్వాత వచ్చిన నిజమైన కోతల్లోనూ లక్ష్యం నిలిచింది.

ఈ కొలతకు కనిపించనిది

రీడింగ్ తాజాగా ఉండొచ్చు, తప్పుగానూ ఉండొచ్చు. ప్రోబ్ మీద నాచు, జిగురు పట్టుకుంటే అది నిమిషం నిమిషం క్రమం తప్పకుండా తప్పుడు అంకె పంపుతుంది. వయసు కొలతకు అంతా బాగున్నట్టే ఉంటుంది. నీటిమట్టం తగ్గి ప్రోబ్ గాలిలోకి తేలినా అంతే, అప్పుడు డీఓ హాయిగా ఎక్కువ చూపిస్తుంది, ఫోన్ రాదు.

దీనికి చెరువు స్వభావాన్నే వాడుకున్నారు. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో పైకి, తెల్లవారుజామున కిందికి వెళ్లని డీఓ ఉండదు. 24 గంటల్లో గరిష్ఠానికి, కనిష్ఠానికి తేడా 0.5 కన్నా తక్కువుంటే ఆ ప్రోబ్‌ను నమ్మకూడదు. ఈ తనిఖీ రోజూ ఉదయం ఎనిమిదికి నడుస్తుంది, ఫలితం టెక్నీషియన్ జాబితాలో చేరుతుంది. ఏరియేటర్లు ఎక్కువగా ఉన్న చెరువుల్లో ఈ తేడా సహజంగానే తగ్గుతుంది కాబట్టి, 0.5 అన్న హద్దును చెరువు చెరువుకూ మొదటి రెండు వారాల రీడింగ్‌లు చూసి సవరిస్తున్నారు. వారానికోసారి ప్రోబ్ తుడిచినప్పుడు పరికరం మీది బటన్ నొక్కమని కాపలా మనుషులకు చెప్పారు. తుడవకముందు, తుడిచాక వచ్చే రెండు రీడింగ్‌ల మధ్య తేడాను బట్టి ఆ చెరువులో ప్రోబ్‌ను ఎన్ని రోజులకోసారి తుడవాలో నిర్ణయిస్తున్నారు.